ఎర్రచందనం: పరిధి, చుట్టుకొలత



ఈ ధర్మనిధి ఉపన్యాసానికి పిలుస్తూ నిర్వాహకులు ఒకే ఒక్క షరతు పెట్టారు. ఈ నిధి ఎవరి పేరున ఉందో ఆ మాస్టారు ఈ కళాశాలలో జీవితమంతా చెప్పింది వృక్షశాస్త్రం కాబట్టి చెట్టును వదిలి దూరం పోవద్దన్నారు. షరతు నాకు నచ్చింది. ఎర్రచందనం గురించి మన జిల్లాల్లో ఎవరిని కదిపినా కథలు చెబుతారు: రాత్రిపూట లారీలు, ముందు పైలట్ బండి, టాస్క్‌ఫోర్సు, కోట్ల రూపాయలు. ఇప్పుడు వాటికి సినిమా కూడా తోడైంది. అదంతా దుంగ కథ. చెట్టు ఎప్పుడు పూస్తుంది, కాయ ఎలా ఉంటుంది, మొలకెత్తడానికి ఎన్నాళ్లు పడుతుంది అని అడిగితే కోడూరు సంతలో నూటికి ఒకరు కూడా చెప్పలేరు. అందుకని ఇవాళ మొదట చెట్టు దగ్గరే మొదలుపెడతాను.

చెట్టుగా చూస్తే ఇది చిన్నది. మామూలుగా ఎనిమిది, పది మీటర్ల ఎత్తు. మన ఊళ్లలోని చింతమాను పక్కన నిలబెడితే రెండోసారి ఎవరూ తలెత్తి చూడరు. కాండం నిటారుగా ఉంటుంది. ముదిరిన చెట్టు బెరడు నలుపు తిరిగిన గోధుమ రంగులో, నిలువునా అడ్డంగా పగిలి, మొసలి వీపులా పలకలు కట్టి ఉంటుంది. ఒక్కో ఆకుకు మూడు రెబ్బలు, అరుదుగా అయిదు. రెబ్బ గుండ్రంగా ఉండి కొసన చిన్న నొక్కు కనిపిస్తుంది. బెరడు మీద కత్తితో గాటు పెడితే ఎర్రటి జిగురు ఊరుతుంది. నరికిన దుంగ మొదలు చూస్తే రెండు రంగులు: బయట పాలిపోయిన తెల్లచెక్క, లోపల ముదురెరుపు చేవ. గాలి తగిలి పాతబడేకొద్దీ ఆ ఎరుపు నల్లబడుతుంది. చేవ ముక్కను నీళ్లలో వేస్తే మునుగుతుంది.

పేరులో చందనం ఉన్నా శ్రీగంధంతో దీనికి చుట్టరికం లేదు, ఆ పరిమళమూ లేదు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది. దీనికి దగ్గరి బంధువు మన అడవుల్లోనే పెరిగే వేగిస. శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటాలినస్. ఆ పేరు పెట్టినవాడు లిన్నేయస్ కొడుకు, 1780ల తొలి రోజుల్లో. ఆయన ఈ కొండల మొహం చూడలేదు. చెట్టును యూరప్‌కు ఎరుక చేసినవాడు తరంగంబాడిలో పనిచేసిన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. ఆ కోనిగ్ 1785లో కాకినాడను ఆనుకుని ఉన్న జగన్నాథపురంలో కన్నుమూశాడు. లిన్నేయస్ శిష్యుడొకడు గోదావరి జిల్లా మట్టిలో కలిసిపోయాడన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

ఇక పరిధి. ప్రపంచపటం మీద ఈ చెట్టు సహజంగా పెరిగే చోటును చూపించాలంటే సన్నని పెన్సిల్ కావాలి. తూర్పు కనుమల దక్షిణ కొస, అంతే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, నల్లమల దక్షిణ భాగం. పాలనా భాషలో చెప్పాలంటే ఉమ్మడి కడప, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు ముఖ్యం. కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో కొంత. సరిహద్దు దాటి తమిళనాడులో అక్కడక్కడా ముక్కలు. మొత్తం కలిపితే సుమారు అయిదు వేల చదరపు కిలోమీటర్లు. అందులోనూ చిక్కగా ఉన్నవి కొన్ని ప్రాంతాలే. సానిపాయ, బాలుపల్లె, కోడూరు, చిట్వేలు, సిద్ధవటం అని అటవీశాఖ పాతతరం ఉద్యోగులు వేళ్ల మీద లెక్కపెట్టేవారు.

ఇంత ఇరుకైన చోటికే ఎందుకు పరిమితమైంది? పూర్తి సమాధానం ఎవరి దగ్గరా లేదు కానీ నేల వైపు చూస్తే కొంత బోధపడుతుంది. మన కొండలు కడప శిలాశ్రేణికి చెందినవి. పైన క్వార్ట్‌జైటు, వాలుల్లో పలకరాయి, వాటి మీద రాళ్లు కలిసిన పలచని ఎర్రనేల. వాన ఏడాదికి తొమ్మిది వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అదీ రెండు రుతుపవనాల్లోనూ చెదురుమదురుగా. ఈ నేలలో నీళ్లు నిలవవు. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే ఎర్రచందనం బతకదు. వేరే చెట్లు తట్టుకోలేని రాతిగుట్టల మీద ఇది నింపాదిగా నిలబడుతుంది, అదే నిదానంతో పెరుగుతుంది. సముద్రమట్టానికి నూట యాభై మీటర్ల నుంచి తొమ్మిది వందల మీటర్ల దాకా కనిపిస్తుంది.

ఈ కొండలకు ఇలా చోటు కదలని జీవాల్ని దాచుకునే గుణం ఉంది. తిరుమల కొండల్లోని పేరీత, అంటే సైకాస్ బెడ్డోమీ, ఈ చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా లేదు. కొండగుగ్గిలం, తెల్లకరక, మొగి, జాలారి అన్నీ ఎర్రచందనానికి ఇరుగుపొరుగు. వీటిలో ప్రతిదానికీ విడిగా ఒక ఉపన్యాసం కావాలి. లంకమల అంచున 1986లో కలివికోడి మళ్లీ కనిపించినప్పుడు ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది. పక్షి కోసం వచ్చినవాళ్లు చెట్లను కూడా చూసి ఉంటే బాగుండేదని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంటుంది.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న మాటకు వస్తాను. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ఎర్రజాబితా అని ఒకటి నిర్వహిస్తుంది. 1998లో ఎర్రచందనాన్ని అందులో అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చారు. 2018లో ప్రమాదానికి దగ్గరలో ఉన్నదిగా, అంటే కాస్త తక్కువ మెట్టుకు, మార్చారు. 2021 అంచనాలో తిరిగి పాత మెట్టుకే తెచ్చారు. 2022 జనవరిలో ఆ వార్త చదివి నాకు ఫోన్ చేసిన విద్యార్థి ఒకడు, "అయితే మధ్యలో మూడేళ్లు చెట్టు కోలుకుందా సార్?" అని అడిగాడు. మంచి ప్రశ్న. పిడికెడు లావు కావడానికి ఏళ్లూపూళ్లూ తీసుకునే చెట్టు మూడేళ్లలో కోలుకోనూ లేదు, కొత్తగా పాడవనూ లేదు. మారింది చూసే చూపు.

ఎర్రజాబితాలో ఒక జాతిని ఏ మెట్టు మీద పెట్టాలో తేల్చడానికి అనేక కొలబద్దలున్నాయి. ఒకటి పరిధి: ఎంత విస్తీర్ణంలో ఉంది, అది ముక్కలవుతోందా. ఇంకొకటి తగ్గుదల: మూడు తరాల కాలంలో ఎదిగిన చెట్లు ఎన్ని తగ్గాయి. ఇక్కడ తరం అంటే కాయలు కాసే తల్లిచెట్ల సగటు వయసు. నిదానంగా పెరిగే చెట్టుకు మూడు తరాలంటే మన తాతల కాలం దాకా వెనక్కి వెళ్లాలి. తాజా అంచనా ఈ రెండో కొలబద్ద మీద ఆధారపడింది. మూడు తరాల్లో జనాభా 50 నుంచి 80 శాతం తగ్గిందని అది తేల్చింది.

దీన్ని మన కొండల మీదికి తెచ్చి చూడండి. వందేళ్ల కిందటి అటవీ పటాన్ని, నేటి పటాన్ని పక్కపక్కన పెడితే ఎర్రచందనం గీత పెద్దగా కదలదు. అప్పుడున్న కొండల్లోనే ఇప్పుడూ ఉంది. ఉపగ్రహ చిత్రంలో అడవి పచ్చగానే కనిపిస్తుంది. మరి పోయిందేమిటి? లావు పోయింది. ఫారెస్టు వాళ్లు గర్త్ అంటారు, ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత. ఎదిగిన చెట్టు మీటరు, మీటరున్నర చుట్టుకొలత తూగగలదని పాత పుస్తకాలు చెబుతాయి. ఇవాళ దారి పక్క గుట్టల్లో కనిపించేవి ఎక్కువగా చేతి పట్టులో ఇమిడేవి, లేదా పాత మోడు నుంచి గుంపుగా లేచిన పిలకలు. పటానికి సన్నచెట్టూ చెట్టే, లావుచెట్టూ చెట్టే. ఒక పిలక ఉన్నా అక్కడ ఎర్రచందనం ఉన్నట్టే రంగు వేస్తారు. ఈ చెట్టు విషయంలో పరిధిని మాత్రమే చూసి ఊరట చెందేవాళ్లతో నాకు పేచీ అక్కడే.

పిలకల గురించి తేలిగ్గా మాట్లాడుతున్నానని అనుకోకండి. మోడు నుంచి, వేరు నుంచి తిరిగి చిగురించే శక్తి లేకపోతే ఈ జాతి ఇప్పటిదాకా ఉండేదే కాదు. కానీ పిలక వేసేది పాత చెట్టే, కొత్తది కాదు. కొత్త చెట్టు రావాలంటే పువ్వు కాయ కావాలి, కాయ మొలకెత్తాలి. ఆ దారి ఎంత ఇరుకో చూడండి. ఆకు రాలిన తర్వాత, వేసవి తొలి జల్లులకు చెట్టు ఒక్కసారిగా పసుపుపచ్చగా పూస్తుంది. సువాసనకు పెద్ద తేనెటీగలు ముసురుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ పూల పరాగ సంపర్కాన్ని నిశితంగా చూశారు. అంత పూత పూసినా కాయగా నిలిచేది చాలా కొద్ది. పైగా తన పుప్పొడి కన్నా వేరే చెట్టు పుప్పొడి పడితేనే మేలు. పూతకొచ్చిన చెట్లు ఒకదానికొకటి దూరమయ్యేకొద్దీ ఆ కొద్దీ తగ్గుతుంది.

కాయ గుండ్రంగా, చదునుగా ఉంటుంది. మధ్యలో గట్టి ఉబ్బు, చుట్టూ కాగితమంత పలచని రెక్క. ఎండిన కాయను అరచేతిలో పెట్టుకుని ఊదితే ఎగిరిపోతుంది. ఆ ఉబ్బులో ఒకటి, అరుదుగా రెండు గింజలు. నర్సరీలో ఈ రెక్కలు కత్తిరించి, కాయల్ని రెండు మూడు రోజులు పేడనీళ్లలో నానబెట్టి మళ్లలో చల్లుతారు. అంత సేవ చేసినా సగం మొలిస్తే ఆ మాలికి సంతోషమే. అడవిలో పేడనీళ్లు ఎవరిస్తారు? వానాకాలంలో మొలిచిన మొక్క వేసవికి పైన ఎండిపోతుంది, వేరు మాత్రం బతికి మరుసటి ఏడాది మళ్లీ చిగురు వేస్తుంది. ఇలా కొన్నేళ్లు కిందామీదా పడ్డాకే కాండం నిలదొక్కుకుంటుంది. ఆ కొన్నేళ్లలో ఒక్కసారి బోదగడ్డికి నిప్పు అంటుకుంటే పని మళ్లీ మొదటికి. మన కొండల్లో బోదగడ్డి అంటుకోని వేసవి ఏది?

ఇప్పుడు గొడ్డలి సంగతి. గొడ్డలి అన్ని చెట్లనూ సమానంగా చూడదు. కూలీకి కావలసింది చేవ. సన్నచెట్టులో చేవ ఉండదు, ఉన్నా వేలెడు. అందుకని ముందు పోయేది లావుచెట్టే. అంటే ఎక్కువ పూలు పూసేది, ఎక్కువ కాయలు కాసేది. నరికిన చోటే తెల్లచెక్కను చెక్కి పారేసి, ఎర్రటి చేవను మాత్రమే భుజానికెత్తుకుంటారు. అడవిలో ఆ తెల్లచెక్క పేళ్లు కుప్పలుగా పడి ఉంటాయి. ఒకసారి సానిపాయ వైపు వాచరు ఒకాయన ఆ పేళ్లు చూపించి, "దీని లావు ఎంతుండేదో చెప్పొచ్చు సార్" అన్నాడు. పేడు వంపును బట్టి దుంగ చుట్టుకొలత అంచనా కట్టడం ఆయనకు అలవాటైపోయింది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ పద్ధతి లేదు.

చేవలో అల తిరిగిన చారలుంటే దాని ధర వేరు. నిలబడి ఉన్న చెట్టును చూసి ఆ చారలున్నాయో లేవో చెప్పడం కష్టం. ఆ చారల చెక్కను జపాన్‌లో షమిసెన్ అనే తంత్రీవాద్యం మెడకు శ్రేష్ఠంగా భావిస్తారు. చైనాలో చింగ్ రాజుల కాలం నుంచి ఈ కర్ర సామాను హోదాకు గుర్తు. 1999లో బీజింగులో దీనికోసం ఏకంగా ఒక మ్యూజియమే కట్టారు. అంతకు ముందు కొన్ని శతాబ్దాలు యూరప్ దీన్ని రంగుకోసం కొనుక్కుంది. చేవలోని శాంటాలిన్లు ఉన్నికి ఎరుపు పట్టిస్తాయి. మన దగ్గర తిరుపతి చెక్కబొమ్మలు, బొమ్మల కొలువులో రాజూరాణీ జంట, నూరి పూసుకునే రక్తచందనం లేపనం. అంతకు మించి మనం దాన్ని పెద్దగా వాడుకోలేదు. అణు రియాక్టర్లలో వాడతారని, వీర్యవృద్ధికి వాడతారని ఊళ్లలో చెప్పుకునే మాటలకు ఆధారం లేదు. ఇంత ధర పలికే వస్తువును ఎవరో కుర్చీ చేసుకోవడానికే కొంటున్నారంటే మనవాళ్లకు నమ్మబుద్ధి కాదు, అదీ సంగతి.

అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం 1995 నుంచి రెండో అనుబంధంలో ఉంది. ఆ అనుబంధంలో దీని పేరు పక్కన చిన్న షరతు ఒకటి ఉంటుంది: నియంత్రణ దుంగలకు, ముక్కలకు, పొడికి, సారానికి వర్తిస్తుంది. తయారైన సామాను ఆ మాటల్లో లేదు. దుంగ దాటడమే కష్టం, కుర్చీ అయ్యాక అడిగేవాడు లేడు. సాగు చేసిన చెట్ల నుంచి ఏడాదికి 310 టన్నులు, పట్టుబడిన నిల్వల నుంచి ఒకే దఫాగా 11,806 టన్నులు ఎగుమతి చేసుకోవడానికి భారతదేశానికి వీలు కల్పించారు. 2023 నవంబరులో జెనీవాలో జరిగిన సమావేశంలో ఈ చెట్టు విషయంలో భారత్‌ను ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించారు. రైతులకు అది శుభవార్త, కాదనను. కడప, చిత్తూరు రైతులు చెట్టు పెంచి, కొట్టుకోవడానికీ తరలించడానికీ అనుమతుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయిన మాట నిజం. పొలంలో పెంచిన దానికి సక్రమమైన మార్కెట్ ఉంటే కొండ మీద ఒత్తిడి కొంత తగ్గుతుందన్న వాదనలోనూ పస ఉంది.

అయితే రెండు లెక్కలను కలిపేయకూడదు. పొలంలో వరసగా నాటిన చెట్లు ఎన్ని లక్షలున్నా అవి ఎర్రజాబితా అంచనాలోకి రావు. సహజ పరిధిలో తనంతట తాను పెరిగి, తనంతట తాను గింజ వేసే చెట్టే లెక్కలోకి వస్తుంది. అధికార వేదికల మీద ఇన్ని లక్షల మొక్కలు నాటాం కాబట్టి జాతికి ఢోకా లేదనే మాట విన్నప్పుడల్లా నాకు లేచి ప్రశ్న వేయాలనిపిస్తుంది. ఆ మొక్కల గింజ ఏ కొండదో ఎవరైనా రాసిపెట్టారా? లంకమల గింజకు శేషాచలం గింజకు తేడా ఉందో లేదో తెలియకుండా అంతా ఒకే సంచిలో కలిపి పంచితే, రేపు తెలుసుకోవాలన్నా వీలుండదు.

చెట్టు కథలో మనుషుల ప్రాణాలూ పోయాయి. 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో పోలీసు కాల్పుల్లో ఇరవై మంది చనిపోయారు. వాళ్లు తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. జవ్వాది కొండల చుట్టుపక్కల నుంచి ఇలా కూలికి వచ్చేవాళ్లకు దక్కేది ఆ దుంగ రేవు దాటాక పలికే ధరలో లవలేశం. ఆ తర్వాత 2016లో రాష్ట్ర అటవీ చట్టాన్ని సవరించి శిక్షలు పెంచారు. కొండెక్కినవాడు దొరికినంత తేలిగ్గా, కొండెక్కించినవాడు ఇప్పటికీ దొరకడం లేదు. ఈ విషయం మీద నాకు తెలిసినదానికన్నా కోర్టులకు ఎక్కువ తెలుసు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

రక్షిత ప్రాంతాల విషయంలో మనం మరీ వెనకబడి లేం. శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, శ్రీలంకమల్లేశ్వర, శ్రీపెనుశిల నరసింహ అభయారణ్యాలు ఈ చెట్టు పరిధిలోనే ఉన్నాయి. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు, 4,755 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద గీతలు బలంగానే ఉన్నాయి. గీత లోపల చెట్ల వయసు పంపిణీ ఎలా ఉందన్న ఒక్క ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ గీత దేన్ని కాపాడుతోందో చెప్పలేం.

మాస్టారి పేరున ఈ ధర్మనిధిలో ఉపన్యాసానికి పోను ఏటా కొంత సొమ్ము మిగులుతోందని విన్నాను. దానికో పని చెబుతాను. ఈ కళాశాల నుంచి బస్సులో పోయి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో, అటవీశాఖ అనుమతితో, ఒక హెక్టారు చొప్పున కొన్ని శాశ్వత గళ్లు వేయండి. ఒకటి కాపలా గట్టిగా ఉన్న చోట, ఒకటి కాలిబాట పక్కన, ఒకటి మంటలు తరచూ వచ్చే బోదగడ్డి వాలులో. ప్రతి ఎర్రచందనం చెట్టుకూ నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీయండి. పిలకా, గింజ నుంచి వచ్చిందా అనేది విడిగా రాయండి. మోకాలెత్తు లోపలి మొక్కల్ని వదిలేయకండి, అసలు జవాబు వాటి దగ్గరే ఉంది. చెట్లకు రంగు నంబర్లు మాత్రం వేయవద్దు. దొంగకు మనమే దారి చూపినట్టవుతుంది. గళ్ల జాడ తెలిపే పటం ప్రిన్సిపాల్ గారి బీరువాలోనే ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు.

రెండో పని ఇంకా సులువు. పట్టుబడిన దుంగలు గోదాముల్లో పేర్చి ఉన్నాయి, ప్రతిదానికీ పొడవు, చుట్టుకొలత, బరువు రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. ఏ ఏడాది, ఏ రేంజిలో పట్టుబడిన దుంగల సగటు చుట్టుకొలత ఎంతో వరసగా రాసుకుంటే, కొండ మీద లావుచెట్లు ఎక్కడ ఎప్పుడు అయిపోయాయో ఆ అంకెలే చెబుతాయి. తెల్లచెక్క చెక్కేసిన దుంగలు కాబట్టి కొంత సవరణ చేసుకోవాలి, అంతే. దీనికి కొండెక్కాల్సిన పని కూడా లేదు. ఎం.ఎస్సీ. విద్యార్థులు ఇద్దరు ఒక వేసవి కూర్చుంటే చాలు. అటవీశాఖకు రాయాల్సిన ఉత్తరం ముసాయిదా నేను తెచ్చాను, సభ అయ్యాక శాఖాధిపతి గారికి ఇస్తాను.